నెట్టు మింగేసే దొంగ

ఆఫీసులో నెట్టు చూసుకునే పెద్దాయన్ని అందరూ మీటరు మావయ్య అంటారు. బయటి నుంచి వచ్చే పెద్ద తీగలో ఎంత డేటా పారిందో చూపే అంకె అంటే ఆయనకు పంచప్రాణాలు. ఇప్పటి అంకెలోంచి నిమిషం కిందటి అంకె తీసేస్తే వాడకం ఇట్టే తేలిపోతుందని అడగనివాళ్లకు కూడా చెబుతాడు.

ఆ రోజు నెట్టు నత్తనడక నడిచింది. అంకె చూస్తే పరుగులు పెడుతోంది. మావయ్య శివాలెత్తిపోయాడు.

"ఎవడో సినిమాలు దించుతున్నాడు! నా కళ్లలోనే దుమ్ము కొడతారా?" అంటూ కంప్యూటర్ల తీగలు ఒక్కొక్కటే పీకాడు. గుమాస్తా లబోదిబోమన్నాడు. మేనేజరు మీటింగు మధ్యలో తెగిపోయింది. అంకె జోరు మాత్రం తగ్గలేదు. చివరికి మిగిలిన ఒక్క తీగా మావయ్య బల్ల దగ్గరికే వెళ్లింది.

అక్కడ, నెట్టు వేగాన్ని కొలిచే పరీక్ష పొద్దున్నుంచీ ఆగకుండా నడుస్తోంది. కొలవడానికే గంపలకొద్దీ డేటా లాగేస్తోంది.

"దొంగ దొరికాడా మావయ్యా?" అంది టైపిస్టు.

మావయ్య పరీక్ష ఆపి, తీగలన్నీ మళ్లీ తగిలించాడు. నెట్టు లేడిపిల్లలా గెంతింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"నిజంగా బాగుపడిందో లేదో చూడొద్దూ?" అని మావయ్య మళ్లీ పరీక్ష మొదలెట్టాడు.