ఇంటావంటా లేని మందు

ఆ వీధిలో ఎవరికి తుమ్మొచ్చినా ముందు తెలిసేది దర్జీకే. కొలతలివ్వడానికొచ్చినవాడు మెడ తిప్పలేక మూలిగితే చాలు, టేపు భుజాన వేలాడుతుండగానే లోపలికి పోయి ఏదో ఒకటి నూరుకొచ్చేవాడు. బట్టలు చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన ఎన్నడూ పోలేదు గానీ, కషాయం మాత్రం అడక్కముందే సిద్ధం. దుకాణం బోర్డు మీద ఏ పేరుంటేనేం, వీధి వీధంతా ఆయన్ని కషాయం బాబాయి అనే పిలిచేది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆయన వైద్యమంతా బూటకమేం కాదు. గొంతు నొప్పికి ఉప్పునీళ్లు, దగ్గుకి తేనె, కడుపులో తిప్పితే అల్లం, పన్ను సలిపితే లవంగం నూనె. ఇవన్నీ అంతో ఇంతో పనిచేసేవే. అలా పనిచేయడమే కొంపముంచింది. జలుబు తగ్గిన ప్రతివాడూ "నీ చెయ్యి మంచిది బాబాయ్" అనేవాడు. ఆ జలుబు ఊరకే కూర్చున్నా తగ్గేదేనన్న సంగతి ఎవరిక్కావాలి? పొగడ్తలకి ఆయన గాల్లో తేలిపోయి, గొంతు దాటి గుండెకీ, గుండె దాటి కిడ్నీలకీ దిగాడు.

ఇక్కడే ఉంది విచిత్రం. గుడ్డ మీద సుద్దగీత వెంట్రుకవాసి పక్కకి పోతే ఒప్పుకోని మనిషికి, ఆకుల దగ్గరకొచ్చేసరికి కొలతే లేదు. చేతికొచ్చినంత వేయడం, గిన్నె పట్టినంత కాచడం. ఎంత వేశావని ఎవరైనా అడిగితే, "ఆకే కదయ్యా! ఎంతైతే ఏం? అదేమన్నా మందా మాకా?" అని కొట్టిపారేసేవాడు.

ఆయన భార్య దుకాణం వెనక గదిలో కూర్చుని కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. ఆవిడకి షుగరొచ్చింది. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. దర్జీకి తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ వైద్యం చేసే తన ఇంట్లో ఇంకొకడి మాత్రలా?

"ఆ బిళ్లలు అవతల పారెయ్‌వే. నేను లేనూ?" అన్నాడు.

మర్నాటినుంచి తెల్లారకముందే లేచి కాకరకాయ, మెంతులు, వాటితోపాటు ఇంకేదో ఆకూ వేసి కాచేవాడు. ఆ ఆకు పేరు అడిగితే, చెబితే గుణం పోతుందనేవాడు. అసలు సంగతేమిటంటే పేరు ఆయనకీ తెలీదు. అమ్మినవాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. మహాతల్లి ఆవిడ, ముక్కు మూసుకుని మారుమాటాడకుండా తాగేది.

షుగర్ అదుపులోకొచ్చింది. ఇక చూడాలి దర్జీగారి వీరంగం! వచ్చినవాడికల్లా, "ఒక్క బిళ్ల లేదు! వట్టి కషాయం!" అని చాటింపేశాడు. ఎదురుగా ఇస్త్రీ దుకాణమతనికీ అదే జబ్బు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు 'బావా' అనుకునేవాళ్లు. "చెల్లాయికి తగ్గింది, నాకు తగ్గదా బావా?" అని ఆ బావ కూడా తన మాత్రలు చెత్తబుట్టలో పోసి, రోజూ గ్లాసు పట్టుకుని దర్జీ గడపలో నిలబడ్డం మొదలెట్టాడు.

స్కూలు యూనిఫారాల కాలం వచ్చింది. ఒకరోజు దర్జీ కషాయాన్ని ఇంకా చిక్కగా మరిగించాడు. చిక్కగా ఉంటే గుణమెక్కువట, ఎవరు చెప్పారో మరి! భార్య నీలం చొక్కాల గుట్టలో కూరుకుపోయి, ఈ పది గుండీలయ్యాక తింటాను, ఆ పదయ్యాక తింటానంటూ మధ్యాహ్నం దాటించేసింది. ఇంతలో చెమటలు పట్టాయి. చేతులు వణికి సూది వేలిలో దిగింది. మాట తడబడింది.

"వేడి చేసిందే నీకు," అని తేల్చేశాడు దర్జీ. తేల్చేసి ఏం తెచ్చాడనుకున్నారు? అదే కషాయం, ఇంకో గ్లాసు! సగం తాగి ఆవిడ చొక్కాల మీదకి ఒరిగిపోయింది. దర్జీ కేకలు వేస్తే ఇస్త్రీ బావ పరుగున వచ్చి ఆటో ఆపాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, షుగర్ అడుగంటిపోయిందని గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచింది.

"ఇంట్లో మందేమైనా పుచ్చుకున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

దర్జీ మొహం కందగడ్డయింది. "ఎంత మాటన్నారండీ! ఇల్లాలిని పట్టుకుని! మందు మా ఇంటావంటా లేదు!"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "అయ్యో, ఆ మందు కాదండీ. జబ్బుకి వేసుకునే మాత్రలు."

"అవా! అవి మానేసి చాన్నాళ్లయింది," అన్నాడు దర్జీ. మంచం మీద ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఇక కషాయం ఊసంటారా, ఆయన ఎత్తనే లేదు. అది మందైతే కదా చెప్పడానికి!

మర్నాడు పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. నీరసంగా ఉన్న మనిషికి బలమని ఒక గ్లాసు పట్టించాడు. కాసేపటికల్లా గ్లూకోజు ఎక్కుతుండగానే షుగర్ మళ్లీ పడిపోయింది. డాక్టరమ్మ పరుగున వచ్చి ఇంకో సూది వేసి, ఆవిడ తేరుకునేదాకా కదల్లేదు. అప్పుడు కనబడింది ఫ్లాస్కు.

"ఏంటది?"

"మందు కాదండీ. ఆకుల రసం. ఏమీ చెయ్యదు."

"ఏమీ చెయ్యనిది ఎందుకు పట్టిస్తున్నారు?"

దర్జీకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏమీ చెయ్యకపోవడమేంటండీ! ఒక్క గ్లాసు పడిందంటే ఎంతటి షుగరైనా కాళ్లబేరానికి రావాల్సిందే!"

"నిన్నటినుంచి మేం వెతుకుతున్నది దాన్నేనండీ," అంది డాక్టరమ్మ. "ఉప్పునీళ్లు పుక్కిలించమంటే నేనూ సరేనంటాను. కానీ షుగర్ దించేది ఆకైనా మందే, బిళ్లైనా మందే. అయినా ఆకొక్కటే ఇంత పని చేసిందంటే నమ్మబుద్ధి కావట్లేదు." మంచం వైపు తిరిగి మెల్లగా అడిగింది. "అమ్మా, మాత్రలు నిజంగా మానేశారా?"

"లేదమ్మా. ఒక్క రోజూ మానలేదు."

దర్జీ నోరు వెళ్లబెట్టాడు. "మరి నాతో మానేశానన్నావు కదే?"

"పొద్దున్నే లేచి, కళ్లు మండిపోతున్నా పొయ్యి దగ్గరే నిలబడి కాచి తెస్తారు. వద్దని ఎలా చెప్పనండీ? తాగకపోతే మీ మొహం చిన్నబోతుంది. బిళ్ల మానేస్తే ప్రాణం పోతుందేమోనని భయం. అందుకని రెండూ మింగాను."

దర్జీకి కళ్లనీళ్లాగలేదు. సిగ్గూ, భయమూ, ఆవిడ మీద చెప్పలేనంత జాలీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. అంతలో గుర్తొచ్చింది, ఇస్త్రీ బావ! అతను నిజంగానే మానేశాడు. వరండాలోకి పరిగెత్తి ఫోన్ చేశాడు.

"చెల్లాయికెలా ఉంది బావా?"

"బతికింది. నువ్వు ఆ కషాయం పారబోసి ఇప్పుడే డాక్టరు దగ్గరికి పో. ఇప్పుడే!"

"అదేంటి బావా! కాలు తిమ్మిరెక్కుతోందంటే విషం దిగుతోంది, మంచిదేనన్నావు. వేలి మీద పుండు మానకుండా నల్లబడుతోంటే ఆకు కట్టావు."

"తప్పు చేశాను బావా. నాకేం తెలీదు."

"మరి చెల్లాయికి వట్టి కషాయంతోనే తగ్గింది కదా?"

"లేదు బావా. బిళ్లలు మింగుతూనే ఉందట. ఆ సంగతి నాకొక్కడికే తెలీదు."

అవతల ఇస్త్రీపెట్టె ఠక్కున దించిన చప్పుడైంది.

"నాకూ తెలీదుగా బావా," అన్నాడు ఇస్త్రీ బావ.