పాత సంవత్సరం

కంప్యూటర్ గదిలోకి ఎవరొచ్చినా దయానందం ముందు వాళ్ల కాళ్లకేసి చూస్తాడు. హార్బరు ఇసుక మిషనుకు పడదని చెప్పులు గుమ్మం బయటే విప్పిస్తాడు. ఏసీ చలికి మఫ్లరు చుట్టుకుని, రెండేళ్లుగా ఒకటే పని: సోర్సు కోడు దిద్దుతూ, ‘మేక్’ అనే ప్రోగ్రాముతో ఆ మిషనుకు ఆపరేటింగ్ సిస్టమ్ కట్టడం. జనవరి ముప్పై ఒకటికి పూర్తికాకపోతే మిషను తీసేస్తామన్నారు పైవాళ్లు. ఏ ఫైలు కొత్తగా దిద్దారో మేక్ తేదీని బట్టే పోల్చుకుంటుంది. నెల్లాళ్లుగా ఎన్ని దిద్దినా, చేయడానికేమీ లేదనే అంటోంది.

ముప్పై ఒకటిన గది ఊడుస్తూ గురువమ్మ గోడకేసి చూసింది. “ఏటి బాబూ, ఎనబయ్యారు ఎల్లిపోనాది కదా, కొత్త కేలండరు ఎయ్యలేదేటి?” దయానందం చెయ్యి ఆగిపోయింది. జనవరి రెండున కరెంటు పోయొచ్చాక మిషను తేదీ అడిగితే, చేతి అలవాటుకొద్దీ పాత సంవత్సరమే కొట్టాడు. అప్పట్నించీ దిద్దినవన్నీ మేక్ లెక్కలో ఏడాది పాతవైపోయాయి. తేదీలన్నీ సరిచేసి నడిపిస్తే, తెర మీద వరుసలు పరుగెత్తాయి. ఇక ఆరు గంటలు చాలు. అంతలో తాళ్లు పట్టుకుని కలాసీలు గుమ్మంలోకి వచ్చారు. సాయంత్రందాకా ఆగమని బతిమాలబోయాడు. నోటికి మాత్రం అలవాటైన మాటే వచ్చింది. “చెప్పులు బయట విప్పండి నాయనా.” వాళ్లు బుద్ధిగా విప్పేసి వచ్చి, ప్లగ్గు పీకారు.