కందులు చెరుగుతున్న పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయిందని పొద్దున్నే కొత్తగూడెం దవాఖానా నుంచి ఫోను వచ్చింది. జ్వరమని తీసుకెళ్లారు, రెండు రోజుల్లో వచ్చేస్తుందనుకున్నాం. వాకిట్లో టెంటు వేస్తుండగానే బూర్గంపాడు నుంచి ఆమె కూతురు దిగింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడిగింది: "చెల్లె, అమ్మ ఫొటోలు నీ దగ్గరనే ఉన్నయ్ గద. దినాలకు ఒక్క మంచిది తీసియ్యవా?"

ఫొటోలు వందల్లో ఉన్నాయి. మంచిది ఒక్కటీ లేదు.

పోయిన వానాకాలంలో ఇల్లందులో ఒక స్టూడియో మూసేస్తుంటే పాత డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చాను. మా టేకులపల్లిలో దాన్ని చూడగానే అందరూ పౌడరు రాసుకుని నిలబడేవారు, బాగా రాకపోతే మూతి ముడుచుకునేవారు. నా చేతకానితనాన్ని భరించింది పెద్దమ్మ ఒక్కతే. నిజానికి ఆమెకు ఫొటో అంటే గిట్టదు. పెళ్లిళ్లలో ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, వంటల వైపు జారుకునేది. నేర్చుకుంటున్నానని నాకు మాత్రం ఒప్పుకుంది. అదీ పని ఆపేది లేదన్న షరతు మీద.

"నేనాగ బిడ్డా. నువ్వే నన్ను పట్టుకో," అంది.

పట్టుకోవడం నా వల్ల కాలేదు. మొదటి ఫొటోలో వెనకున్న దడి పుల్ల పుల్లా కనిపించింది, పెద్దమ్మ మాత్రం మసక. ఆమె కళ్లు చికిలించి చూసి, "దడి మంచిగొచ్చింది. రేపు నన్ను తియ్యి," అని మిరపకాయల తొడిమలు తీయడంలో పడిపోయింది. ఇంకోసారి ఎండకు ఎదురుగా తీసి మొహమంతా నల్లగా చేశాను. వాకిలి ఊడుస్తుంటే తీస్తే చెయ్యీ చీపురూ కలిసిపోయాయి. ఆమె ఏ రోజూ విసుక్కోలేదు. నేను విసుక్కుంటే టీ పెట్టిచ్చి, మళ్లీ రేపు రమ్మనేది. కెమెరా గురించి నాకు తెలిసిందంతా ఆ వాకిట్లో ఆమె మీద తప్పులు చేసి తెలుసుకున్నదే.

జ్వరం వచ్చే ముందు వారం ఆమె కందులు చెరుగుతుంటే షట్టర్ వేగం పెంచి తీశాను. చాట మీంచి ఎగిరిన గింజలు ఒక్కొక్కటీ గాల్లో నిలిచిపోయాయి. సంతోషంతో గంతులేశాను. తర్వాత చూస్తే ఫోకస్ గింజల మీదే ఉంది, వాటి వెనక నవ్వుతున్న మొహం మళ్లీ మసకే. ఇంకొక్క వారం ఉంటే ఆ మొహం కూడా దొరికేది.

దినాలు దగ్గరపడ్డాయి. ఆధార్ కార్డులో ఉన్నది ఆమేనని పేరు చదివితే తప్ప తెలియదు. దిక్కుతోచక, ఆ కందుల ఫొటోను మొహాలు స్పష్టంగా చేసే యాప్‌లో పెట్టాను. చటుక్కున ఒక మొహం వచ్చింది. నున్నటి చెంపలు, వరుసగా తెల్లటి పళ్లు. బూర్గంపాడు అక్క ఆశగా అందుకుని చూసి, ఫోను మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఈమె ఎవరో గని, మా అమ్మ కాదు చెల్లె."

ఇద్దరం అక్కడే కూలబడి ఏడ్చాం. చివరికి ఆ మసక ఫొటోనే పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం.

మీలో ఎవరైనా కొత్తగా కెమెరా పట్టి ఉంటే, మీ తప్పులన్నీ ఓర్చుకుంటున్న ఆ మనిషిని ఒక్కసారి ఆపి, బతిమాలైనా సరే, ముందు ఒకటి సరిగ్గా తీసి పెట్టుకోండి.

దినాల నాడు ఫొటోను కుర్చీలో పెట్టి దండ వేశారు. దండం పెట్టడానికి వచ్చినవాళ్లు వంగి చూసి, కళ్లు నులుముకుని పక్కకు జరిగారు. నేను అక్కడ నిలబడలేక దడి దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. అంత దూరం నుంచి పెద్దమ్మ స్పష్టంగా ఉంది. అదే మొహం, అదే నవ్వు. పరుగున ఫొటో దగ్గరికి వచ్చాను. వచ్చేసరికి మొహం మళ్లీ చెదిరిపోయింది, గాల్లో కందిగింజలు మాత్రం నిలిచి ఉన్నాయి.