ఎక్కడికి, ఎవరికి, ఎందుకు

నేను బడి గడప తొక్కకుండానే ఉద్యోగం గడప తొక్కాను. మా నాన్న అటవీ శాఖలో గుమాస్తా. భద్రాచలం అడవుల్లో ఆయనను ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడే మా ఇల్లు. ఆడపిల్లను పంపేంత దగ్గరలో బడి ఉండేది కాదు. వంటింట్లో కూరలు తరుగుతూ అమ్మ తెలుగు చెప్పింది, కచేరీ నుంచి వచ్చి నాన్న ఇంగ్లీషు, లెక్కలు చెప్పారు. పరీక్షలు ప్రైవేటుగా రాశాను. ఖమ్మంలో మేనమామ ఇంట ఉండి టైపు నేర్చుకున్నాను. ఇంతమంది ఓపిక నా మీద ఖర్చయింది. అందుకే ఈనాటికీ రామయ్యకు దండం పెట్టినప్పుడు కోరికలు గుర్తుకు రావు, వీళ్ల ముఖాలే గుర్తుకొస్తాయి.

నేను టైపిస్టుగా చేరింది మణుగూరు దారిలోని ఒక చిన్న కార్ఖానాలో. యజమానిది ఖమ్మంలో తరతరాలుగా గడియారాలు బాగుచేసిన ముస్లిం కుటుంబం. అందరం సాబ్ అనేవాళ్లం. ఆవిరి, నూనెల ఒత్తిడిని కొలిచే గేజీలు చేసేవారు. ఉప్పునీళ్లకూ కుదుపులకూ చెడని రకం సైన్యానికి ప్రత్యేకంగా వెళ్లేది. ఎనభైలు ముగిసే నాటికి వాటి గురించి విదేశాల వాళ్లు కూడా అడగసాగారు. సైన్యానికి చేసిన సరుకు దేశం దాటాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. సాబ్ నన్ను హైదరాబాదు పంపి ఆ నిబంధనలు నేర్పించారు. కొనేదెవరు, వాడేదెవరు, ఎందుకు అని విచారించి, నేను సంతకం పెడితేనే అర్జీ కదిలేది.

పెద్ద ఫిట్టరుకు ఇదొక పనిలాగే కనిపించేది కాదు. ఆయనను నేను మామా అనేదాన్ని.

"మేం చేతులు కాల్చుకుంటం. నువ్వేమో కూసొని అడుగుతవ్. నీ పనే మంచిగున్నది బిడ్డా!" అని నవ్వేవాడు.

ఒక ఏడు సర్కారు ఆర్డర్లు పలచబడ్డాయి. దసరా దాటితే సగం మంది ఫిట్టర్లను ఆపేయాల్సి వస్తుందని సాబ్ చెప్పేశారు. సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. సైన్యం రకం గేజీలు ఎన్ని చేస్తే అన్నీ కొంటానన్నాడు. విదేశంలో ఒక చక్కెర మిల్లుకట. ఫిట్టర్ల ముఖాలు వెలిగాయి. చేతులు పనిలో ఉన్నా చెవులు మాత్రం నా బల్ల వైపే.

"మిల్లు ఏ ఊళ్లో ఉందండీ?" అని అడిగాను.

"అక్కడ మా ఏజెంటు చూసుకుంటాడండీ."

"చక్కెర మిల్లుకు మామూలు గేజీ చాలు కదా?"

"గట్టిగా ఉంటాయనండీ."

సాబ్ కుటుంబంలో ఒక పద్ధతి ఉంది. గడియారాల రోజుల నుంచీ, సరుకు పంపి ఊరుకోరు. మనిషి వెళ్లి బిగించి, నడిపి చూపిస్తేనే పని అయినట్టు. అదే చెప్పాను, మా ఫిట్టరు వస్తాడని.

"అక్కర్లేదండీ," అని ఆయన గబగబా అన్నాడు. "గేజీ మీద మీ గుర్తు కూడా వద్దు. కాగితాల్లో మిషను సామానని రాసేస్తే సరిపోతుంది. అయినా ఇవన్నీ మీకెందుకండీ?"

నేను సంతకం పెట్టనని చెప్పి బయటికొచ్చాను. మామ నా వెనకాలే వచ్చాడు. సాబ్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంది బిడ్డా, ఇంటికొచ్చిన లచ్చిమిని గిట్ల ఎల్లగొడ్తవా? దసరా ఎల్లినంక మేమేం తినాలె?"

ఆ మాట గుచ్చుకుంది.

"మామా, నిరుడు ఎద్దునమ్మినవ్ గదా. బేరం కుదరంగనే తాడు చేతిల పెట్టినవా?"

"ఎట్ల పెడత? ఏ ఊరు, ఎవలింటికి, దున్నకానికా, రాళ్ల బండికా అని అడగాలె గదా. రాళ్ల బండికి కడితే ఏడు తిరగకముందే కూలబడ్తది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నా ఎద్దు నా కొట్టంల్నే ఉంటది. నోరులేని జీవం, ఆడ ఏం జేస్తున్నరో వచ్చి చెప్తదా?" అని, ఆగాడు. "అవ్ గని... ఎద్దుకైతే ఇంత గడ్డి దొరుకుతది. పిల్లలకు?"

నేను సాబ్ వైపు చూశాను. సాబ్ లోపలికి నడిచారు.

"చాయ్ తాగుండ్రి, సల్లారుతది. సరుకు మాత్రం లేదు," అన్నారు వ్యాపారితో.

"ఇంకోచోట దొరక్కపోదండీ!"

"దొరకనీ. పేరు చెప్పుకోలేని ఇంటికి మా సరుకు పోదు." వ్యాపారి వెళ్లాక సాబ్ నా వైపు తిరిగారు. "బేటీ, ఇగ దసరా సంగతి నేను జూస్త."

చూశారు. అశ్వారావుపేట నూనె మిల్లు, బొగ్గు గనుల పంపులు, ఎక్కడ రిపేరు దొరికితే అక్కడి నుంచి వెంటనే పని పట్టుకొచ్చారు. జీతాలు తగ్గాయి గానీ, ఒక్కరినీ తీసేయలేదు. ఆ నెలల్లో మామ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన తప్పేం లేదు. ఆదివారం ఆదివారం భద్రాచలం వెళ్లి, ఎవరి పొయ్యీ ఆరకుండా చూడు తండ్రీ అని మొక్కుకునేదాన్ని.

మరుసటి ఏడు విదేశపు పడవల కంపెనీ ఒకటి రాసింది. ఏ పడవలు, ఏ రేవు, ఎవరు నడుపుతారు, అన్నీ వాళ్లే చెప్పారు. బిగించడానికి మనిషిని పంపమని అడిగారు కూడా. ఢిల్లీ నుంచి అనుమతి వచ్చింది. ఆ మనిషి మామే అయ్యాడు.

పెట్టెలు లారీకెక్కిన రోజు పొద్దున కొబ్బరికాయ కొట్టాలి. అది ఎప్పుడూ ఫిట్టర్లలో పెద్దవాడు చేసే పని. కొత్త చొక్కా తొడుక్కొచ్చిన మామ కాయకు పసుపు రాసి, నా చేతిలో పెట్టాడు.

"నేనా?"

"మరెవలు? గియ్యాల నువ్వే కొట్టాలె. జల్దీ కానీయ్, సాబ్ గూడ చెప్పులిడిసి ఉత్తకాళ్లతోని నిలబడ్డడు, నేల కాలుతున్నది."

అందరూ నవ్వారు. నేను ముందుకు నడిచి, లారీ చక్రం ముందు కాయ కొట్టాను. తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి, చేతులకంటిన పసుపు తుడుచుకోకుండానే కాసేపు కూర్చున్నాను.