నాన్న వేసిన ముడి

దక్షిణ సముద్రం అంచున ఉన్న బ్లఫ్ రేవులో మా రిపెకాకి ఒక గది ఉంది. దానికి కిటికీ లేదు, తలుపు కింద సందు లేదు. మా పిట్టల దీవికి వెళ్లే ప్రతి మూటా ఆ గదిలోకి రావాలి. తలుపు మూసి, నేల మీద పరిచిన తెల్ల దుప్పటి మీద దాన్ని బోర్లించాలి. బంగాళాదుంపల బస్తా అయినా, చంటిపిల్ల బట్టలైనా, పాస్టరు గారి బైబిలు సంచి అయినా సరే. ఇరవై రెండేళ్లుగా పైసా తీసుకోకుండా చేస్తున్న పని అది. కుర్రకారు “ఎలకల మహారాణి” అని వెక్కిరిస్తే ఆవిడ ఊరుకునే రకం కాదు.

“అవునర్రా, మహారాణినే. నా రాజ్యంలో ఒక్క ఎలక లేదు కాబట్టే మీ నోటికి పిట్ట మాంసం అందుతోంది. మూసుకుని సంచి విప్పు!”

అంత కోపం ఊరికే రాలేదు. రిపెకా చిన్నప్పుడు పక్క దీవిలో ఓ పడవ మీంచి ఎలుకలు దిగాయి. మూడేళ్లు తిరిగేసరికి అక్కడ కూసే పిట్ట మిగల్లేదు. నాయనమ్మ ఒడ్డున నిలబడి చెవి ఒగ్గి వినడం, ఏమీ వినబడక కూలబడి ఏడవడం ఆవిడ కళ్లారా చూసింది. మా మోటుపారా దీవిలోనూ ఎలుకలుండేవి. ఇరవై రెండేళ్ల కిందట హెలికాప్టర్లతో మందు చల్లించి వాటిని తుడిచిపెట్టారు. ఆ మందుకి అందరినీ ఒప్పించడానికి ఇల్లిల్లూ తిరిగింది కూడా రిపెకాయే. అప్పట్నుంచి బెంగ లేకుండా ఏటా ఏప్రిల్‌లో, ఎవరి వాటా నేలలో వాళ్లు, బొరియల్లోంచి టీటీ అనే సముద్రపు పిట్టల కొవ్వెక్కిన పిల్లల్ని తీసి ఉప్పులో ఊరవేసుకుంటున్నాం. ఊరిన మాంసాన్ని సముద్రపు నాచుతో చేసిన సంచుల్లో పెట్టి, చుట్టూ టోటారా చెట్టు బెరడు కడతాం. మా తాతలు చేసినదే మేమూ చేస్తున్నాం.

ఆ బెరడు ఒలవడంలో రిపెకా తండ్రిని మించినవాడు లేడు. పోయే ముందు చలికాలంలో కూడా ఆ ముసలాయన ఒక కట్ట ఒలిచి, తనకు మాత్రమే వచ్చిన ఓ మెలిక ముడి వేసి, కొడుకు హకరాయా గొర్రెల కొట్టంలో అటక మీద పెట్టించాడు. పెద్దవాళ్లు కట్టిన ఆఖరి కట్టని దీవి మీదే విప్పాలని మాలో ఒక పట్టింపు. ఏప్రిల్ వచ్చింది. హకరాయా ఆ కట్టని భుజాన వేసుకుని రిపెకా గదిలోకి వచ్చాడు.

“తెరిచి చూశావట్రా?”

“చూశానక్కా. ఇంటి దగ్గర తెరిచి, దులిపి, మళ్లీ కట్టాను.”

“సరే, పడవలో పెట్టు.”

ఇరవై రెండేళ్లలో ఆవిడ తెల్ల దుప్పటి మీద బోర్లించకుండా పంపిన మూట అదొక్కటే. తమ్ముడి మాట కదా! తల్లి పోయాక వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది తనే కదా!

మరుసటి ఏడు బొరియల్లో సగం తినేసిన పిల్లలు కనబడ్డాయి. బోన్లు పెడితే అయిదు ఎలుకలు పడ్డాయి. రిపెకాకి వెంటనే గుర్తొచ్చినవాడు మటియు. రిపెకా వాళ్ల నేలకి ఆనుకునే మటియు వాళ్ల వాటా. మంచివాడే, కానీ ఒట్టి అజాగ్రత్త మనిషి. ఒకసారి అతని దుంపల బస్తాలోంచి ఎలుక గదిలోకి దూకింది కూడా. బడితె పుచ్చుకుని దాన్ని చంపింది రిపెకాయే.

“నీ బస్తాలే మన కొంప ముంచాయి!” అని నలుగురిలో మొహాన్నే అనేసింది.

“అక్కా, ప్రతి బస్తా నువ్వే గుమ్మరించావు కదా. మరి నా వాటిల్లోంచి ఎలా పోయింది?”

“అదే నువ్వు చెప్పు!”

ఆవిడ మాటంటే మాకు శాసనం. మటియు కుటుంబం రెండేళ్లు దీవి తొక్కకూడదని వాటాదార్ల సంఘం తీర్మానించింది. ఆ రోజు మొదట చెయ్యెత్తినవాడు హకరాయా.

మటియు తల్లి హూరియాకి ఎనభై నాలుగేళ్లు. “నన్నొక్కదాన్నయినా పోనివ్వు తల్లీ. ఇదే ఆఖరు” అని రిపెకా గుమ్మం ముందుకొచ్చి అడిగింది. రిపెకా కదల్లేదు. “నీకు కట్టు సడలిస్తే అందరికీ సడలించాలి పెద్దమ్మా” అంది. ఆ ఏప్రిల్లో ముసలమ్మ ఒడ్డునే ఉండిపోయింది. ఆగస్టులో కన్నుమూసింది. శవపేటికకి భుజం పట్టినవాళ్లలో హకరాయా ఒకడు.

ఈలోగా డునెడిన్ నగరం నుంచి కర్స్టీ అనే అమ్మాయి వచ్చింది. ఎలుకల జన్యువులు చదివే పిల్ల. “తోక చివర ముక్క చాలు రిపెకా గారూ. ఏది దేనికి చుట్టమో చెప్పేస్తాను” అంది. చెప్పింది కూడా. ఇవి పాత మందుకి తప్పించుకున్నవి కావు, కొత్తగా దిగినవి. అన్నీ ఒకే తల్లి సంతానం. చూలుతో ఉన్న ఎలుక ఒక్కటే వచ్చింది. అందుకని దీవంతా మళ్లీ మందు చల్లక్కర్లేదు, దిగిన మూలన బోన్లు పెట్టి ఏరేస్తే చాలు. కానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోతే మళ్లీ వస్తుంది. కాబట్టి దీవికి సరుకు పంపే ప్రతి కొట్టంలోంచీ ఎలుక తోకలు కావాలి.

రిపెకా పదకొండు కొట్టాలు తిరిగింది. మటియు కొట్టంలో అయితే వారం రోజులు బోను పెట్టింది. హకరాయాకి మాత్రం ఫోను చేసి అడిగింది. “నా కొట్టంలో ఎలకలా? నాలుగు పిల్లులున్నాయక్కా!” అన్నాడు నవ్వుతూ. ఆవిడా నవ్వింది.

నవంబరులో కర్స్టీ ఫోను చేసింది. “ఏదీ కలవలేదు రిపెకా గారూ. మటియు గారివి దగ్గరి చుట్టాలు కూడా కావు. మీ జాబితాలో మిగిలిపోయిన కొట్టం ఏదైనా ఉందా?”

రిపెకా ఫోను పెట్టేసింది. ఆవిడకి గుర్తొచ్చింది ఎలుక కాదు, ముడి. తెరిచి మళ్లీ కట్టానన్నాడే! ఆ రోజు తన కళ్ల ముందు ఉన్నది నాన్న ముడే. అది నాన్నకి తప్ప ఎవరికీ రాదు. చూసింది, చూసి కూడా నమ్మింది.

మర్నాడు తమ్ముడు సంతకి వెళ్లిన వేళ కారేసుకుని రివర్టన్‌లో వాడి ఇంటికి వెళ్లి, కొట్టం అటక మీద తనే బోను పెట్టి వచ్చింది. రెండో రోజుకి పడింది. తోక ముక్క కోసి కర్స్టీకి పంపింది. జనవరిలో జవాబు వచ్చింది. దీవిలో దిగిన తల్లి ఎలుక ఆ అటక మీది కుదురుదే.

ఆ కాగితం తమ్ముడి వంటింటి బల్ల మీద పెట్టింది.

“మళ్లీ కట్టానన్నావు. ఆ ముడి నీకొచ్చా?”

హకరాయా తల దించుకున్నాడు. “నాన్న ముడి ఇక్కడ విప్పడానికి మనసొప్పలేదక్కా. దీవి మీదే విప్పుదామనుకున్నా. విప్పగానే లోపల్నుంచి దూకి పొదల్లోకి పోయింది.”

“నువ్వు చూశావా? నీ కళ్లతో చూశావా?”

“ఒక్కటే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నా. తర్వాత చెబుదామంటే నువ్వు అప్పటికే మటియుని పట్టుకున్నావు.”

“నేను పట్టుకుంటే నువ్వు చెయ్యెత్తావా? ఆ తల్లి శవాన్ని మొయ్యడానికి భుజం ఎలా వచ్చిందిరా నీకు?” కాగితాన్ని వాడి ముందుకు తోసింది. “నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు. నేను పెంచిన చేతులే నా నోట్లో మట్టి కొట్టాయి.”

“బయట పెట్టకక్కా. పెడితే మన ఇంటికీ రెండేళ్లే వేస్తారు. నీ మోకాళ్లు చూసుకో. రెండేళ్ల తర్వాత నువ్వు దీవి మీద ఆ గుట్ట ఎక్కగలవా? మనం ఒక్క తల్లి పిల్లలం కదా!”

“ఆ ఎలకలూ అంతేరా” అని లేచి వచ్చేసింది.

ఫిబ్రవరిలో సంఘం సమావేశంలో నిలబడి, కాగితం చదివి, ఆంక్షల జాబితాలో తన కుటుంబం పేరు తనే రాయించింది. రెండేళ్లు. హకరాయా కుర్చీ ఖాళీగా ఉంది. మటియు మీద ఆంక్ష ఎత్తేశారు. రిపెకా అతని ముందుకు వెళ్లి, “తప్పయిపోయింది మటియూ. నీ బస్తాలన్నీ బోర్లించాను, వాడి కట్ట మాత్రం బోర్లించలేదు” అంది. మటియు టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. నాలుగు తిట్టి ఉంటే బావుండేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఏప్రిల్ వచ్చింది. కర్స్టీ లెక్క ప్రకారం ఆఖరి ఎలుక కూడా బోనులో పడింది. తను వెళ్లకపోయినా రిపెకా రేవులో తన గది తెరిచింది. వరసలో అందరికన్నా చివర మటియు వచ్చాడు. అతని సామానంతా గుమ్మరించి చూడటం అయ్యాక, ఇంకో చిన్న నార సంచి తీసి ఆవిడ ముందు పెట్టాడు. నోటికి తాడు కట్టి ఉంది.

“ఇది అమ్మది. కిందటేడు పోనిస్తావేమోనని తనే సర్దుకుంది. మేం విప్పలేదు.”

రిపెకా చెయ్యి వెనక్కి తీసుకుంది. “దీన్ని ఉండనీ మటియూ. తీసుకెళ్లు.”

“కాదక్కా, చూడు. మా అమ్మ ముడైనా సరే విప్పి చూడు.”

తలుపు మూసి ఉంది. రిపెకా తాడు విప్పి, సంచిని తెల్ల దుప్పటి మీద బోర్లించింది. ఒక ఉన్ని టోపీ, కళ్లజోడు, విప్పని పిప్పరమెంటు బిళ్లల పొట్లం పడ్డాయి. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, సంచి లోపలి భాగం బయటికి తిప్పి, కుట్టు కుట్టూ వేలితో తడిమింది.

“ఏమీ లేదు” అంది.

“తెలుసు” అన్నాడు మటియు.