ఎలుక ఏరిన జొన్నలు

మా అపార్ట్‌మెంట్ కింద ఉన్న దుకాణంలో ఈ మధ్య జొన్నలు పేల్చే మిషన్ ఒకటి పెట్టారు. ఉప్పూ కారం చల్లి కాగితపు గ్లాసుల్లో పోసి అమ్ముతారు. ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు కోసం నిలబడితే చాలు, జొన్న పేలేటప్పటి తియ్యటి వాసన, దాని వెనకే అడుగున మాడిన నాలుగు గింజల వాసన ముక్కుకు తగులుతాయి. పిల్లలు ఆ వాసనకు పరిగెత్తుతారు. నలభైకి దగ్గరపడిన నేను మాత్రం ఊపిరి బిగబట్టుకుని లిఫ్టులోకి దూరిపోతాను. ఇదేం చోద్యమని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆయన ఖాజాగూడలో పుట్టలేదు.

నేను పుట్టిన ఖాజాగూడలో గుట్టలకూ చెరువుకూ నడుమ మాకు కాస్త చేను ఉండేది. వానలు వెనకబట్టాక గుట్టల సందుల్లో సీతాఫలాలు పండి పగిలేవి. ఆడపిల్లలం నున్నటి బండల మీద పాత గోనెసంచి వేసుకుని జర్రున జారి, గౌను వెనక చిరిగితే అమ్మ చేత దెబ్బలు తిని, మర్నాడు మళ్లీ అదే బండ ఎక్కేవాళ్లం. చలికాలం ముదిరేసరికి చేను నిండా జొన్న కంకులు తలలు వంచేవి, నానమ్మ మంచె మీద కూర్చుని పిట్టలను తోలడానికి డబ్బా వాయిస్తూ మధ్యమధ్య మమ్మల్ని కూడా తిట్టేది.

కోత అయ్యాక అసలు పండగ. నాన్న గడ్డపార పట్టుకుని గట్ల వెంట ఎలుక బొక్కలు తవ్వేవాడు. ఎలుకల కోసం కాదు, అవి దాచుకున్న కంకుల కోసం. మట్టి పెళ్ల లేచేసరికి లోపల అరలు అరలుగా పేర్చిన కంకులు కనబడేవి, ఇంటావిడ సర్దినంత ముచ్చటగా. నానమ్మ వాటిని ఒళ్లో పోసుకుని వేరే సంచిలో కట్టేది. "ఎల్క పిచ్చిది గాదు బిడ్డ, చేనంత తిరిగి మంచి కంకినే ఏర్తది" అనేది. తొలి ఏకాదశికి పేలాల పిండి ఆ గింజలతో చేస్తేనే ఆమెకు తృప్తి.

నేను నాలుగో తరగతి చదివిన ఏడు ఆ చేను మా చేతుల్లోంచి పోయింది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి, ఆ ఊపు మా గుట్టల దాకా వచ్చింది. బండలను పేల్చడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఎర్రజెండా మనిషి ఈల ఊదగానే ఆట వదిలేసి ఇళ్లలోకి ఉరికేవాళ్లం. ఈలకూ పేలుడుకూ మధ్య ఊరంతా నోరు మూసుకునేది, ఆ మధ్య కాలమే నాకు ఎక్కువ భయం. తర్వాత నేల అదిరి అటక మీది గిన్నెలు గలగలమనేవి.

పేలుడు పేలుడుకూ గుట్టల్లోని ఎలుకలు, చేలగట్ల పందికొక్కులు ఊళ్లోకి వచ్చి పడ్డాయి. ఇన్నాళ్లూ వాటి ఇళ్లు మేం తవ్వితే, ఇప్పుడు మా ఇళ్లు అవి తవ్వాయి. చీకటి అర్రలో ఉన్న నానమ్మ జొన్నల సంచికి కన్నం పెట్టాయి. గింజల్లో పెంటికలు, పిండి పురుగులు. పారబోద్దామంది అమ్మ. నానమ్మ వినలేదు. "మన చేన్ల ఆఖరి గింజలివి. మల్ల యాడ్నుంచి తెస్తవు?" అంటూ చెరిగి, ఏరి, సంచి కుట్టి మళ్లీ అదే మూల పెట్టింది. అప్పటికే ఆమె కళ్లకు పొర కమ్మింది. చేతులతోనే చూసేది.

తొలి ఏకాదశికి ఆ గింజలే మంగలం కుండలో వేడి ఇసుక మీద మల్లెమొగ్గల్లా పేలాయి. ఇసుర్రాయి తిరుగుతుంటే ఇంటి నిండా కమ్మటి వాసన. యాలకులు, బెల్లం కలిపి ఆ పిండిని చిన్న మట్టి గురిగిలో పోసి ఉట్టి మీద పెట్టింది నానమ్మ. ఎలుక ఎంత ఎగిరినా ఉట్టి అందదని ఆమె ధీమా. కానీ గురిగి వేలాడింది మిగిలిన జొన్నల సంచి పైనే.

మా చెల్లె మౌనికకు అప్పుడు ఐదేళ్లు. పండగ పోయి వానలు ముదిరాక కడుపు పట్టుకుని మూలకు ముడుచుకోవడం నేర్చింది. అన్నం ముందు పెడితే మొహం తిప్పేది. విరేచనాలు ఆగేవి కావు. బొమ్మ చేతిలో ఉండగానే, ఆట మధ్యలోనే నిద్రపోయేది. నానమ్మకు కడుపునొప్పితోనే పోయిన బిడ్డ ఒకతె ఉండేదని మాకు చూచాయగా తెలుసు, ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మౌనిక మూలిగిన ప్రతిసారీ నానమ్మ లేచి దాని పక్కన చేరేది. మిరపకాయలు దిగదుడిచింది, మొలకు నల్లదారం కట్టింది, బలం రావాలని ఉట్టి దించి పిడికెడు పిండి నోట్లో పెట్టింది. చెల్లె ఇష్టంగా తిన్నది ఆ పిండి ఒక్కటే. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు కుదిరింది. నాకు పెట్టమంటే "దానికి బలం గావాలె, నువ్వు గుండు లెక్కున్నవు" అని కసిరేది. ఆ కసురే నన్ను కాపాడిందని తర్వాత గానీ తెలియలేదు.

దవాఖానలో మొదట ఇచ్చిన నులిపురుగుల మాత్ర పని చేయలేదు. రెండోసారి డాక్టరమ్మ మలం పరీక్ష చేయించింది. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేది. "ఇవి ఎలుకల కడుపులో పెరిగే పురుగు గుడ్లండి. పొడుగ్గా నాడాలా ఉంటుంది. పాపకి ఎలా వచ్చిందో తెలియాలి. ఏమీ అనుకోకండి, మీ ఇంట్లో ఎలుకల్ని తినే అలవాటు ఉందా?" అని అడిగింది.

నానమ్మ మొహం కందగడ్డయింది. "ఏందమ్మా గా మాట? మమ్ముల జూస్తే ఎట్ల కనవడ్తున్నం?" అని చెల్లెను చంకనేసుకుని లేచింది. "ఆగండి, ఇంకొక్క మాట అడగాలి" అని డాక్టరమ్మ పిలుస్తూనే ఉంది. మందు చీటీ కూడా తీసుకోకుండా బయటపడ్డాం. అమ్మ మాత్రం గేటు దాకా వెనక్కి చూస్తూనే నడిచింది.

ఆ తర్వాతి రోజుల్లో చెల్లె మెడ కింద ఎముకలు తేలాయి, కడుపు మాత్రం ఉబ్బింది. పక్కన పడుకుంటే దాని ఊపిరి వినబడుతోందా లేదా అని నేను చెవి పెట్టి వినేదాన్ని. మధ్యాహ్నం ఈల ఊదినా అది లేచి ఉరకడం లేదు, పడుకున్న చోటే కళ్లు తెరిచి చూసేది. ఇది చచ్చిపోతుందని నాకు అనిపించింది, ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయాను.

ఒక పొద్దున అమ్మ నార్సింగిలోని పుట్టింటికి పోయొస్తానని మా ఇద్దరినీ తయారు చేసింది. దారిలో ఆకలేస్తుందని నానమ్మ గుడ్డముక్కలో పిండి మూటగట్టి చెల్లె చేతిలో పెట్టింది. అమ్మ నార్సింగి బస్సు ఎక్కలేదు. నేరుగా దవాఖానకు నడిచింది.

డాక్టరమ్మ మమ్మల్ని గుర్తుపట్టింది. ఆ రోజు మిగిలిపోయిన మాట అడిగింది. "పాప పచ్చి గింజలు గానీ, నిలవున్న పిండి గానీ తింటోందా అండి?"

అమ్మ చెల్లె చేతి వైపు చూసింది. అది అప్పుడే మూట విప్పుకుంటోంది.

డాక్టరమ్మ ఆ పిండిని తెల్లకాగితం మీద పరిచింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పిండి అక్కడక్కడా కదిలింది. ఎర్రటి చిన్న పురుగులు బయటికి వచ్చి కాగితం అంచు దాకా నడిచాయి. ఎలుక పెంటికల్లో ఆ నాడా గుడ్లుంటాయనీ, వాటిని ఈ పిండి పురుగులు తింటాయనీ, పిండి పురుగు మనిషి నోట్లో పడితే కడుపులో నాడా పెరుగుతుందనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. ఎలుకకు అందని ఉట్టి, సంచిలోని పురుగుకు అందింది. ఎలుకను కాల్చుకు తినేవాళ్లకు కూడా రాని నాడా, ఎలుకను ముట్టమని ఎగిరిన మా ఇంటికి వచ్చింది. వాళ్లను చిన్నచూపు చూసిన పాపమే తగిలిందని అమ్మ చాలా ఏళ్లు అనేది.

మాత్ర అక్కడే మింగించారు. ఇంటికి వచ్చాక అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. నానమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఉట్టి దించి, గురిగిలోని పిండి చాటలో పోసి, వాకిట్లో ఎండకు పెట్టి నన్ను పిలిచింది.

"నాకు కండ్లు కనవడయి. నువ్వు జూసి చెప్పు బిడ్డ. ఉన్నయా, లెవ్వా?"

చాట నిండా కదులుతున్నాయి. "ఉన్నయ్ నానమ్మ" అన్నాను.

ఆమె చాట ఎత్తుకుని నీళ్లపొయ్యి దగ్గరికి పోయి పిండంతా మంటలో పోసింది. తర్వాత జొన్నల సంచి ఈడ్చుకొచ్చింది. మా చేని ఆఖరి గింజలు పొయ్యిలో పటపటా పేలుతుంటే, బెల్లం మాడిన పొగ వాడంతా కమ్మింది. నానమ్మ ఆ పొగలోనే కూర్చుని, "నా చేత్తోనే పెట్టిన గదనే. దానికి పెద్దగైనంక చెప్పకుండ్రి" అని నన్నూ అమ్మనూ పట్టుకుని ఏడ్చింది.

మళ్లీ పరీక్ష చేసినప్పుడు గుడ్లు కనబడలేదు. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మా ఇంట్లో సత్తుపిండి ముద్దలు చేయలేదు, కానీ చెల్లె తంగేడు పూలు దోసిట పట్టుకుని తిరిగింది. నానమ్మ బతికినన్నాళ్లూ మంగలం మళ్లీ పొయ్యి ఎక్కలేదు.

మా చేను ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. మేం జారిన బండ లేదు, సీతాఫలాల సందులు లేవు, ఎలుక బొక్క తవ్వడమంటే ఏమిటో మా పిల్లలకు తెలియదు. ఆ మేడలోనే పై అంతస్తులో మౌనిక పని చేస్తుంది. మొన్న ఆదివారం పేలాల పిండి ప్యాకెట్ పట్టుకొచ్చింది. నేను చేతిలోంచి లాక్కుని, బాల్కనీ వెలుతురులో జల్లెడ పట్టాను. ఏమీ లేదు. "నీకీ పిచ్చి ఎప్పటికి పోతదక్కా" అంటూ చెంచాడు నోట్లో వేసుకుంది. చప్పరించి, మొహం చిట్లించింది.

"నానమ్మ పెట్టినట్టు లేదక్కా. గా రుచి మల్ల ఎవ్వరితోని గాదు."

"అవునే, ఎవరితోనూ కాదు" అన్నాను. జల్లెడ కడగడానికి లోపలికి పోయాను.