తెర మీది చిన్న ముళ్లు

భద్రాచలంలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతుంటే వైరా నుంచి ఫోన్ వచ్చింది. నా పరిశోధనకు గైడుగా ఉన్న సార్ నిద్రలోనే పోయారు. అట్నుంచటే బస్సెక్కాను.

హైదరాబాద్ ల్యాబ్‌లో మేం జీవకణాల మీద పనిచేసేవాళ్లం. కణం తనలోని రసాయనాన్ని చిన్న చిన్న పొట్లాలుగా బయటికి వదులుతుంది. వెంట్రుక కన్నా సన్నని కార్బన్ తీగను కణానికి ఆనిస్తే, పొట్లం విడిపోయినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద గీత ముల్లులా పైకి లేస్తుంది. ఆ ముళ్లను గుర్తించి కొలిచే సాఫ్ట్‌వేర్‌ను సార్ సొంతంగా రాశారు. కొనే స్తోమత మా ల్యాబ్‌కు లేదు. సద్ది తింటున్నా ఆయన కన్ను తెర మీదే ఉండేది. “కంప్యూటర్ మనం అడిగిందే చెప్తది బిడ్డా. అడుగుడు రావాలె” అనేవారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పును కనిపెట్టింది కూడా ఆయనే. చిన్న ముళ్లను అది ఉత్త అలజడి అనుకుని వదిలేస్తోంది. ఒక మందు వేస్తే పొట్లాల సంఖ్య తగ్గుతుందని నేను థీసిస్‌లో రాశాను. నిజానికి తగ్గలేదు. పొట్లాలు చిన్నవయ్యాయి, అంతే.

ఊరుకుంటే నాకు పట్టా వచ్చేసేది. సార్ ఊరుకోలేదు. “తప్పు నాది, శిక్ష నీకు పడుతున్నది” అన్నారు. మొదటి నుంచి మళ్లీ కొలిచాను. ఈలోపు ఖాయమనుకున్న ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

సార్ రిటైరై వైరా వచ్చాక కూడా ఎప్పుడు కలిసినా అదే మాట. “నీ బతుకుల కొన్నేండ్లు తిన్న బిడ్డా.”

“పోనీయండి సార్” అని మాట మార్చేదాన్ని. కోపం లేదని నోరు తెరిచి చెప్పలేదు. అంత చిన్న మాటకు తొందరేముందిలే అనుకున్నాను.

కిందటి నెల చూడ్డానికి వెళ్తే, తిరుగు ప్రయాణంలో బస్టాండ్ దాకా వచ్చారు. కిటికీ కింద నిలబడి ఏదో అడిగారు. ఇంజను మోతలో వినపడలేదు. నీళ్ల సీసా ఉందా అంటున్నారనుకుని, “ఉంది సార్” అని తలూపాను. బస్సు కదిలింది.

అంత్యక్రియలయ్యాక సార్ భార్య నన్ను పక్కకు పిలిచింది.

“ఏమనుకోకు బిడ్డా. ఇంక కోపమున్నదా అని ఆయన బస్టాండ్ల నిన్ను అడిగిండట గద. ఉన్నదన్నవట.”

“అమ్మా... నాకు ఇనపడలే. నీళ్ల సీసా అనుకున్న.”

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నిన్నొక్క మాట అనలే. ‘ఉండాలె గద’ అన్నడు. పోయి నీ పాత గీతలు తెరుసుకొని కంప్యూటర్ ముందట కూసున్నడు. అప్పట్సంది రోజూ గదే పని.”

కళ్లు మూస్తే ఇప్పుడు ఆ కంప్యూటర్ గదే కనిపిస్తుంది. కుర్చీ అంచున ముందుకు వంగిన సార్, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, నా పాత గీతల్లో అన్నిటికన్నా చిన్న ముల్లును వేలితో వెతుకుతున్నారు.